న్యూయార్క్ మేయర్ల జాబితాలో ఒకే పేరు మూడుసార్లు ఎలా వచ్చింది?

రిటైర్డ్ రెవెన్యూ గుమాస్తా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ప్రస్తుతం జెర్సీ సిటీలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. సర్వీసంతా రెవెన్యూలో గడిచింది కాబట్టి ఏ ఆఫీసుకి వెళ్లినా గోడ మీద పదవీకాలాల బోర్డు ముందు చదువుతాను. ఎవరు పూర్తికాలం ఉన్నారు, ఎవర్ని మధ్యలో లేపారు, లేపినవాణ్ణి మళ్లీ ఎవరు తెచ్చారు అన్నది చూస్తే ఆ ఆఫీసు లోగుట్టు సగం తెలిసిపోతుంది.

మొన్న న్యూయార్క్ నగర మేయర్ల పాత జాబితా దొరికితే అదే పని చేశాను. 1803 నుంచి 1807 దాకా డివిట్ క్లింటన్. తర్వాత ఏడాది పాటు మరీనస్ విల్లెట్. 1808లో మళ్లీ క్లింటన్. 1810లో జేకబ్ రాడ్‌క్లిఫ్. 1811లో మళ్లీ క్లింటన్, ఈసారి 1815 దాకా. తర్వాత జాన్ ఫెర్గూసన్ అని ఒకాయన కొన్ని నెలలు, ఆయన వెనకాల మళ్లీ అదే రాడ్‌క్లిఫ్.

ఎన్నికల్లో గెలిచి ఓడితే జాబితా ఇలా ఉండదు. ఇది అచ్చంగా ట్రాన్స్‌ఫర్ల రిజిస్టర్. పైన ఎవరో కూర్చుని ఆర్డర్లు కొడుతున్నారు. ఎవరు వాళ్లు?

ఇంకో రెండు సందేహాలు. ఈ క్లింటన్ మేయర్ కాకముందు అమెరికా సెనేటర్ అట. ఆ పదవి వదులుకుని ఊరి మేయరుగా ఎందుకు వచ్చినట్టు? మా మనవడి పాఠంలో, గెలిచిన పార్టీ తన మనుషులకు ఉద్యోగాలు పంచే పద్ధతి 1829లో ఆండ్రూ జాక్సన్‌తో మొదలైందని రాశారు. మరి ఇదంతా అంతకు ఇరవై ఏళ్ల ముందుది కదా? తెలిసినవాళ్లు చెప్పండి. లింకులు వద్దు, కళ్లు లాగుతాయి. మీ మాటల్లో చెప్పండి.

---

ఆల్బనీ చలి

గురువుగారూ, మీ కన్ను భలే పట్టింది. న్యూయార్క్ మేయర్‌ను జనం నేరుగా ఓటేసి ఎన్నుకోవడం 1834లో మొదలైంది. మీరు చూస్తున్న కాలంలో ఆ కుర్చీ ఇచ్చేదీ లాక్కునేదీ రాష్ట్ర రాజధాని ఆల్బనీలో కూర్చునే ఐదుగురు. వాళ్లనే నియామక మండలి అనేవారు. నేను ఆల్బనీలోనే రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుల్లో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేస్తుంటాను. మధ్యాహ్నం వేళ రాష్ట్ర లైబ్రరీలో దూరి ఈ గొడవలు చదవడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

1777లో, యుద్ధం నడుస్తుండగానే న్యూయార్క్ తన రాజ్యాంగం రాసుకుంది. అప్పటికి వాళ్లకున్న పెద్ద భయం గవర్నర్ అంటేనే. రాజుగారు పంపిన గవర్నర్లు పదవులు తమ వాళ్లకు పంచిపెట్టడం కళ్లారా చూసినవాళ్లు. అలాగని ప్రతి పదవినీ శాసనసభ చేతిలో పెట్టడానికీ ధైర్యం చాల్లేదు. మధ్యేమార్గంగా ఈ మండలి పుట్టింది. రాష్ట్రాన్ని నాలుగు పెద్ద జిల్లాలుగా విడదీసి, శాసనసభలోని దిగువ సభ ఏటా ఒక్కో జిల్లా నుంచి ఒక రాష్ట్ర సెనేటర్‌ను (ఎగువ సభ సభ్యుణ్ణి) ఎంపిక చేసేది. ఆ నలుగురికీ గవర్నర్ అధ్యక్షుడు. ఆయనకు మామూలు ఓటు లేదు, రెండుపక్కలా సమానంగా వచ్చినప్పుడు తేల్చే ఓటు ఒక్కటే. పైగా ఒకసారి మండలిలో కూర్చున్న సెనేటర్ వెంటనే రెండో ఏడు కూర్చోకూడదు.

వినడానికి ఎంత జాగ్రత్తగా ఉందో చూడండి! జరిగింది మాత్రం తలకిందులు. ఏడాదికోసారి దిగువ సభలో మెజారిటీ మారితే మండలి మారిపోతుంది. మండలి మారితే మేయర్లు, షెరీఫ్‌లు, కౌంటీ గుమాస్తాలు, వీలునామాలు చూసే న్యాయాధికారులు, చిన్న మేజిస్ట్రేట్లు, వేలంపాటలు వేసేవాళ్లు, పిండి బస్తాలు తనిఖీ చేసేవాళ్లు, మిలిషియా (పౌరసేన) అధికారులు, అందరి మెడ మీదా కత్తే. ఊడగొట్టిన నలుగురూ మర్నాటి ఏడు అక్కడ ఉండరు. ఎవర్ని నిలదీస్తారు? గవర్నర్‌ను అడిగితే ‘నాకు ఓటే లేదు’ అంటాడు. జాక్సన్ కంటే ముందే ఇదంతా ఎందుకు జరిగిందన్న మీ ప్రశ్నకు నా మటుకు నాకు జవాబు ఇదే. మనుషులు చెడ్డవాళ్లా మంచివాళ్లా అన్నది తర్వాతి మాట. గవర్నర్ బలపడకూడదని కట్టిన ఏర్పాటే ఎవరూ బాధ్యులు కాని యంత్రమై కూర్చుంది.

రాజ్యాంగంలో ఒక మెలిక కూడా ఉండిపోయింది. మండలి ‘సలహా, సమ్మతి’తో గవర్నర్ నియమిస్తాడు అని రాశారు. మరి పేరు ప్రతిపాదించేది ఎవరు? గవర్నర్ ఒక్కడేనా, సభ్యులు కూడానా? 1794లో గవర్నర్ జార్జ్ క్లింటన్, మన డివిట్ క్లింటన్‌కు బాబాయి. మండలిలో ఫెడరలిస్టు పార్టీది పైచేయి. ఫిలిప్ స్కైలర్ అని హామిల్టన్ మామగారు, ‘మేమూ ప్రతిపాదిస్తాం’ అని ఎగ్‌బర్ట్ బెన్సన్‌ను రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిగా పెట్టించుకున్నాడు. క్లింటన్ మొత్తుకున్నాడు, ఎవరూ వినలేదు. మరుసటి ఏడు అదే ఫెడరలిస్టుల నుంచి జాన్ జే గవర్నర్ అయ్యాడు. 1777 రాజ్యాంగం ముసాయిదాలో ప్రధాన హస్తం ఈయనదే. ఈయన వచ్చాక ఫెడరలిస్టుల మాట తిరగబడింది, ప్రతిపాదించే హక్కు గవర్నర్‌దేనట.

1801 మొదట్లో కథ ముదిరింది. మండలిలో నలుగురికి ముగ్గురు రిపబ్లికన్లు వచ్చారు (జెఫర్సన్ పార్టీ అన్నమాట, ఇప్పటి రిపబ్లికన్లకూ వీళ్లకూ సంబంధం లేదు). డివిట్ క్లింటన్, ఆంబ్రోస్ స్పెన్సర్, రాబర్ట్ రోజ్‌బూమ్. జే పేరు చెప్పడం, వీళ్లు కొట్టేయడం. వీళ్లు పేరు చెప్పడం, జే ఓటింగుకు పెట్టకపోవడం. ఫిబ్రవరిలో జే మండలిని వాయిదా వేసి ఇక పిలవనే లేదు. రాష్ట్రంలో నియామకాలు నిలిచిపోయాయి. అక్టోబరులో దీనికోసమే ఆల్బనీలో ఒక సమావేశం జరిపి, సభ్యులకూ ప్రతిపాదించే హక్కు ఉందని తేల్చారు. ఆ సమావేశానికి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు ఆరన్ బర్.

ఆ తీర్పు దాకా కూడా ఆగలేదు వీళ్లు. జులైలో జే దిగిపోయి జార్జ్ క్లింటన్ మళ్లీ గవర్నర్ అయ్యాడు. ఆగస్టులోనే మండలి కూర్చుంది. అధ్యక్షుడు బాబాయి, సభ్యుడు అబ్బాయి, అబ్బాయికి 32 ఏళ్లు. ఫెడరలిస్టులను ఊడ్చేశారు. న్యూయార్క్ మేయర్ పదవి ఎడ్వర్డ్ లివింగ్‌స్టన్‌కు వెళ్లింది. లివింగ్‌స్టన్లు హడ్సన్ నది పొడుగునా భూములున్న జమీందారీ వంశం. క్లింటన్లతో పొత్తు కుదిరిన ఏడాది ఆ ఇంటికి దక్కినవి చూడండి. పెద్దన్న రాబర్ట్ ఫ్రాన్సుకు రాయబారి. తమ్ముడు ఎడ్వర్డ్ మేయర్, దాంతోపాటు కేంద్ర ప్రభుత్వ వకీలు కూడా. చెల్లెళ్ల భర్తల్లో మోర్గన్ లూయిస్ రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి, థామస్ టిల్లట్సన్ రాష్ట్ర కార్యదర్శి, జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కాస్త అటూ ఇటూగా అమెరికా సెనేటర్. విందులో కుటుంబమంతా ఒకే బంతికి కూర్చున్నట్టు లేదూ?

ఇక మీ జాబితా. 1807లో గవర్నర్ ఆ మోర్గన్ లూయిసే. అప్పటికి క్లింటన్లకూ లివింగ్‌స్టన్లకూ చెడింది. లూయిస్ పక్షం చేతికి మండలి రాగానే డివిట్ ఎగిరిపోయాడు, విప్లవ యుద్ధంలో పేరు తెచ్చుకున్న ముసలాయన విల్లెట్ వచ్చాడు. ఆ వసంతంలోనే లూయిస్ ఓడిపోయి డేనియల్ టాంప్‌కిన్స్ గెలిచాడు, 1808లో డివిట్ తిరిగొచ్చాడు. జెఫర్సన్ ఓడల వ్యాపారం బంద్ చేయించిన కోపంలో జనం 1809లో ఫెడరలిస్టులకు దిగువ సభ ఇచ్చారు. 1810లో రాడ్‌క్లిఫ్ వచ్చాడు. మళ్లీ ఓట్లు మారాయి, 1811లో మళ్లీ డివిట్. అంటే ఓటర్లు వేసింది శాసనసభకు, మారింది మేయరు.

---

గోదారి గట్టు

బాబాయిగారూ, ఆల్బనీ గారు న్యూయార్క్ సంగతి కడిగేశారు కాబట్టి నేను పక్క రాష్ట్రానికి వెళ్తాను. కాలేజీలో అమెరికా చరిత్ర పాఠం చెప్పేటప్పుడు నేను మొదట చెప్పేది న్యూహేవెన్ ఓడరేవు కథే. పిల్లలకు వెంటనే ఎక్కుతుంది.

కనెక్టికట్‌లోని న్యూహేవెన్ రేవులో కస్టమ్స్ కలెక్టర్ పదవి ఖాళీ అయింది. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ అప్పటికే ఓడిపోయాడు, దిగిపోయే ముందు 1801 ఫిబ్రవరిలో ఎలైజర్ గుడ్‌రిచ్ అనే ఫెడరలిస్టును ఆ కుర్చీలో పెట్టాడు. ఆయన దానికోసం కాంగ్రెసు (అక్కడి పార్లమెంటు) సీటు కూడా వదులుకున్నాడు. కొత్త అధ్యక్షుడు జెఫర్సన్ వచ్చి గుడ్‌రిచ్‌ను తీసేసి శామ్యూల్ బిషప్‌ను వేశాడు. వయసు 77. అప్పటికే ఆయన ఊరికి మేయర్, కౌంటీ కోర్టులో ప్రధాన జడ్జి, వీలునామాల కోర్టు జడ్జి కూడా. ఆయన కొడుకు ఏబ్రహాం బిషప్ రిపబ్లికన్ పార్టీలో పెద్ద నోరున్న ఉపన్యాసకుడు, ఫెడరలిస్టులకు ఆయన పేరు చెబితేనే ఒళ్లు మంట. కొడుక్కి నేరుగా ఇస్తే బాగుండదని తండ్రికి ఇచ్చారని ఊరంతా అనుకుంది.

న్యూహేవెన్ వర్తకులు జెఫర్సన్‌కు అర్జీ పెట్టారు. ఇంత ముసలాయన లెక్కలు ఎలా చూస్తాడని. జెఫర్సన్ జులై 12న రాసిన జవాబు చదివితే ఆయన ఎంత గడుసువాడో తెలుస్తుంది. ఇంతకన్నా పెద్ద వయసులో మన ఫ్రాంక్లిన్ మానవజాతికే అలంకారంగా లేడా అన్నాడు. అసలు ముక్క ఆ తర్వాతది. పదవుల్లో మాకూ న్యాయమైన వాటా కావాలంటే ఖాళీలు ఎక్కణ్ణుంచి రావాలి? చావుల వల్ల వచ్చేవి కొద్ది, రాజీనామాల వల్ల వచ్చేవి అసలే లేవు, అన్నాడు. గెలిచిన కొత్తలో ‘మనమంతా రిపబ్లికన్లం, మనమంతా ఫెడరలిస్టులం’ అని కమ్మగా చెప్పిన మనిషే, నాలుగు నెలలు తిరిగేసరికే!

1803లో తండ్రి పోయాడు. ఆ కుర్చీ ఎవరికి వెళ్లిందో చెప్పక్కర్లేదనుకుంటా. ఏబ్రహాం బిషప్ 1829 దాకా అందులోనే కూర్చున్నాడు.

నా అభిప్రాయం ఒకటే. పాఠ్యపుస్తకాల్లో జాక్సన్ మీద మొత్తం నేరం మోపడం జెఫర్సన్‌ను కాపాడటానికి పనికొస్తోంది.

---

బోస్టన్ బావ

అంత తేల్చేయకండి మేడమ్. జెఫర్సన్ తీశాడు సరే, కానీ ఆడమ్స్ చివరి రోజుల్లో చేసిన నియామకాలను సరిచేస్తున్నానని, పార్టీ బేధం కొద్దీ ఎవర్నీ ఊడబీకనని సంజాయిషీ ఇచ్చుకున్నాడు. జాక్సన్ ఆ మొహమాటం కూడా వదిలేశాడు. ప్రభుత్వ పని ఎవరైనా చేయదగ్గంత తేలికైనదేనని, ఎక్కువ కాలం ఒకే కుర్చీలో ఉంటేనే చెడిపోతారని దాన్నొక సిద్ధాంతంగా కాంగ్రెసు ముందు చెప్పాడు. తప్పు చేస్తూ సిగ్గుపడటానికీ, అదే ధర్మం అనడానికీ తేడా లేదా?

అయినా జాక్సన్ కాలంలో కూడా జనం అనుకున్నంత ఊచకోత జరగలేదు. మొదటి ఏడాదిన్నరలో కేంద్ర ఉద్యోగుల్లో సుమారు పదోవంతు మందిని తీశారు. న్యూయార్క్‌లో మండలి ఒక్క సిట్టింగులో చేసిన పనితో పోలిస్తే అది తక్కువే.

---

ఆల్బనీ చలి

బోస్టన్ బావ గారి మాట నేను ఒప్పుకుంటాను. ఒక్కటి చేర్చాలి. ‘గెలిచినవాడికే దోపిడీ సొత్తు’ అన్న ప్రసిద్ధ వాక్యం జాక్సన్‌ది కాదు. 1832లో సెనేట్‌లో ఆ అర్థం వచ్చే మాట అన్నది విలియం మార్సీ, మా న్యూయార్క్‌వాడే. ట్రాయ్ పట్టణంలో రికార్డర్ (పట్టణ న్యాయాధికారి) పదవిలో ఉండగా 1818లో, అప్పటికి గవర్నరైన డివిట్ క్లింటన్ పక్షం ఆయన్ను ఊడగొట్టింది. దెబ్బ తిన్నవాడికే పాఠం బాగా వస్తుంది. ఆయన గురువు మార్టిన్ వాన్ బ్యూరన్‌దీ అదే కథ. 1808లో కొలంబియా కౌంటీలో వీలునామాల న్యాయాధికారిగా మొదలుపెట్టాడు, ఆ కుర్చీలోంచి లేచినవాడు సొంత సవతి అన్న. 1813లో ఫెడరలిస్టుల మండలి ఈయన్ను లేపింది. రాష్ట్ర అటార్నీ జనరల్ అయ్యాడు, 1819లో క్లింటన్ మండలి మళ్లీ లేపింది.

---

రిటైర్డ్ రెవెన్యూ గుమాస్తా

ఎంత బాగా చెప్పారు బాబూ, అమ్మాయీ. సర్వీసులో ఉండగా మాకూ ఒక పెద్దాయన ఉండేవాడు, పార్టీ మారినప్పుడల్లా బల్ల మీది ఫోటో మార్చేవాడు. ఆయన వీళ్ల దగ్గర అప్రెంటిసు కూడా కాలేడు.

నా రెండో ప్రశ్న మిగిలిపోయింది. సెనేటర్ గిరీ వదులుకుని మేయరు ఎందుకయ్యాడు?

---

ఆల్బనీ చలి

డబ్బు గురువుగారూ, నికార్సయిన డబ్బు. అప్పట్లో అమెరికా సెనేటర్‌కు సభ జరిగినన్నాళ్లూ రోజుకు 6 డాలర్లు. సభ లేకపోతే అదీ లేదు. వాషింగ్టన్ అంటే బురద రోడ్లు, అద్దె గదులు. న్యూయార్క్ మేయర్‌కు జీతం కన్నా ఫీజులు ముఖ్యం. సారాయి దుకాణాల లైసెన్సులు, మార్కెట్లు, పైగా మేయర్ కోర్టు అని ఒకటుండేది, దానికి న్యాయమూర్తి కూడా ఆయనే. ఏటా వేల డాలర్లు చేతికొచ్చేవి. అప్పటి పదవుల్లో చాలావాటికి ఇదే లెక్క. షెరీఫ్ సమను ఇస్తే ఫీజు, గుమాస్తా దస్తావేజు నమోదు చేస్తే ఫీజు, తనిఖీదారు పీపా మీద ముద్ర కొడితే ఫీజు. పదవి అంటే ఒక చిన్న జాగీరు. అందుకే అంత కొట్లాట.

ఆ ఫీజుల లోకంలోనే ఎడ్వర్డ్ లివింగ్‌స్టన్ మునిగాడు. 1803లో ఊరికి పచ్చజ్వరం సోకింది. ఈయన పారిపోకుండా రోగుల మధ్య తిరిగి తానూ మంచాన పడ్డాడు. ఆ మాట చెప్పుకోవాలి. ఆ లోగా కేంద్ర వకీలు ఆఫీసులో ఈయన కింద పనిచేసే గుమాస్తా వసూలైన ప్రభుత్వ సొమ్ము కాజేశాడు. బాధ్యత తనదేనని ఎడ్వర్డ్ రెండు పదవులూ వదిలి, ఆస్తి అప్పగించి, న్యూ ఆర్లియన్స్ వెళ్లిపోయాడు. ఖాళీ అయిన మేయర్ కుర్చీలోకే సెనేట్ నుంచి దిగి డివిట్ వచ్చాడు. ఇచ్చింది ఎవరు? గవర్నర్ బాబాయి అధ్యక్షుడుగా ఉన్న మండలి.

ఆయన్ను ఉత్త పదవుల పిచ్చివాడుగా మాత్రం చూడకండి. మేయరుగా ఉంటూనే ఊళ్లో పేదపిల్లల ఉచిత పాఠశాలల సంఘానికి నాయకత్వం వహించాడు. 1812లో మేయర్ కుర్చీలోంచే మాడిసన్ మీద అధ్యక్ష పదవికి పోటీ చేసి 128కి 89 ఓట్లు తెచ్చుకున్నాడు. దానికి ఫెడరలిస్టుల మద్దతు తీసుకున్నందుకే 1815లో సొంత పార్టీవాళ్లు మండలిలో ఆయన్ను చివరిసారి లేపారు. ఫెడరలిస్టుల చేతిలో మండలి ఉన్న 1813లో చెక్కుచెదరని మేయరు, సొంతవాళ్ల చేతికి రాగానే కూలిపోయాడు.

---

కొత్త కుండ

మన దగ్గర ప్రభుత్వం మారగానే నామినేటెడ్ పోస్టులవాళ్లంతా రాజీనామా చేస్తారు కదా, అదే కదండీ ఇది? దీనికి ఇంత చరిత్ర ఎందుకు?

---

గోదారి గట్టు

కొత్త కుండ గారూ, కార్పొరేషన్ చైర్మన్ మారితే మీ ఊరి సబ్‌రిజిస్ట్రారు మారడు, జిల్లా జడ్జీ మారడు. అక్కడ వాళ్లు కూడా మారేవారు. మీ పొలం తగాదా విచారించే మేజిస్ట్రేటు పోయిన నెల మీ అవతలి పార్టీ మనిషి, ఈ నెల మీ మనిషి అయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

---

రిటైర్డ్ రెవెన్యూ గుమాస్తా

అమ్మాయి చెప్పింది నిజం. అయితే ఇప్పటిదాకా మీరు చెప్పినవన్నీ పెద్ద తలకాయలే. వాళ్లు లేచినా ఇంకో చోట కూర్చుంటారు. మాలాంటి కిందివాడి సంగతి చెప్పండి. పని చేసుకుంటూ ఏ గ్రూపులోనూ లేనివాడు బతికి బట్టకట్టాడా?

---

ఆల్బనీ చలి

గురువుగారూ, అసలు ప్రశ్న ఇప్పుడు వేశారు. లెక్కతో మొదలుపెడతాను. 1821లో రాజ్యాంగం తిరగరాయడానికి కూర్చున్న సమావేశం తేల్చినది, మండలి చేతి కింద 8,287 మిలిషియా పదవులు, 6,663 పౌర పదవులు ఉన్నాయని. అప్పుడు రాష్ట్ర జనాభా సుమారు 13 లక్షల 70 వేలు. ఐదుగురు మనుషులు దాదాపు 15 వేల పదవులు. ఒక్కో పేరు చదివే తీరిక కూడా ఉండదు. ఏ కౌంటీ నాయకుడు ఇచ్చిన చీటీ ఆ కౌంటీకి చెల్లుబాటు అయ్యేది.

ఇక మనిషి. గిడియన్ హాలీ. 1813లో రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పర్యవేక్షకుడిగా వేశారు. అమెరికాలో ఆ పదవి మొదట పుట్టింది ఇక్కడే, మొదటి మనిషి ఈయనే. జీతం ఏడాదికి 300 డాలర్లు. ఈ జీతం కోసం ఎవరూ కొట్టుకోరు. ఈయన ఊరూరా బడి జిల్లాలు ఏర్పాటు చేయించి, టౌన్ల నుంచి లెక్కలు తెప్పించి, వాటిని క్రమంలో పెట్టి, ఏటా శాసనసభకు నివేదిక ఇచ్చేవాడు. మీ భాషలో చెప్పాలంటే ఏ ఫైలు ఎక్కడుందో తెలిసిన గుమాస్తా.

1820 ఎన్నికల్లో గవర్నరుగా క్లింటన్ స్వల్ప తేడాతో గట్టెక్కాడు గానీ శాసనసభ వాన్ బ్యూరన్ వర్గం చేతికి పోయింది. 1821 మొదట్లో కొత్త మండలి కూర్చుంది. దానికి ముందుండి నడిపినవాడు రోజర్ స్కిన్నర్, అప్పటికి కేంద్ర జిల్లా జడ్జి. జడ్జిగా ఉంటూనే రాష్ట్ర సెనేటర్, సెనేటరుగా ఉంటూనే మండలి సభ్యుడు! గవర్నర్ క్లింటన్ అధ్యక్షుడుగా చూస్తూ కూర్చోవడమే, ముగ్గురు ఒక్కటైతే ఆయన తేల్చే ఓటుకు పనే లేదు. ఇరవై ఏళ్ల క్రితం జే గవర్నరుగా ఉండగా తాను చేసిందే తన మీదికి వచ్చింది. న్యూయార్క్ మేయర్ కోల్డెన్ పోయి స్టీఫెన్ అలెన్ వచ్చాడు. కౌంటీల్లో షెరీఫ్‌లు పోయారు, అటార్నీ జనరల్ పోయాడు. ఆ ఊపులో హాలీ కూడా పోయాడు.

ఆయన స్థానంలో వెల్కమ్ ఎస్లీక్ అనే ఆల్బనీ వకీలును పెట్టారు. బడుల గురించి ఆయనకు తెలిసిందేమీ లేదని సొంత వర్గంవాళ్లే గొణిగారు. శాసనసభలో వాన్ బ్యూరన్ పక్షం మెజారిటీయే, అయినా ఈ ఒక్క పని మింగుడుపడలేదు. పోనీ తీసినవాణ్ణి మళ్లీ పెట్టారా? లేదు, అలా చేస్తే మండలి తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. ఏప్రిల్‌లో ఒక చట్టం చేసి ఆ పదవినే రద్దు చేశారు. బడుల పని రాష్ట్ర కార్యదర్శికి అప్పగించారు. రెండు నెలల కుర్చీ ఎస్లీక్ కిందనుంచి మాయమైపోయింది. పేరు వెల్కమ్ గానీ పాపం ఎవరూ పలకలేదు.

ఆ ఏడు ఆగస్టులో కూర్చున్న రాజ్యాంగ సమావేశంలో మండలి రద్దుకు రెండుపక్కలవాళ్లూ చేతులెత్తారు. పదవుల సంగతి చూసే కమిటీకి అధ్యక్షుడు వాన్ బ్యూరనే, దాంతో బాగా తిన్నవాడూ బాగా దెబ్బ తిన్నవాడూ ఆయనే. షెరీఫ్‌లను, కౌంటీ గుమాస్తాలను జనం ఎన్నుకోవాలన్నారు. మేయర్‌ను నగర కౌన్సిల్‌కు వదిలారు. మేజిస్ట్రేట్ల దగ్గర మాత్రం వాన్ బ్యూరన్ పట్టు వదల్లేదు. వాళ్లను కూడా జనానికి వదిలేస్తే ఊళ్లలో పార్టీకి కాళ్లుండవని ఆయనకు తెలుసు. ఆ పదవులు నేరుగా ఓటుకు రావడానికి 1826 దాకా పట్టింది.

---

గోదారి గట్టు

మధ్యలో వస్తున్నాను, క్లింటన్ 1824 సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. హడ్సన్ నదిని ఈరీ సరస్సుతో కలిపే ఈరీ కాలువ తవ్వించే సంఘంలో ఆయన మొదట్నుంచీ ఉన్నాడు, దానికి జీతం లేదు. గవర్నర్ పదవిలో కూడా లేడు. అయినా 1824 ఏప్రిల్‌లో సభ ముగిసే రోజున ప్రత్యర్థులు ఆయన్ను ఆ సంఘంలోంచి తీయించారు. పైసా రాని పదవి లాక్కోవడం చూసి జనానికి తిక్కరేగింది. నవంబరులో భారీ మెజారిటీతో గవర్నర్ని చేశారు. మరుసటి ఏడు కాలువ తెరిచినప్పుడు ఈరీ సరస్సు నీళ్లు పీపాలో తెచ్చి న్యూయార్క్ రేవులో పోసింది ఆయనే. తీయకుండా ఉంటే ఆయన రాజకీయం అప్పటికే అయిపోయేదని నా నమ్మకం.

---

రిటైర్డ్ రెవెన్యూ గుమాస్తా

అమ్మా, ఆయనకేం, గవర్నరయ్యాడు. ఆ హాలీ ఏమయ్యాడు? రోడ్డున పడ్డాడా?

---

ఆల్బనీ చలి

పడలేదు గురువుగారూ. ఆయన చేతిలో ఇంకో పదవి ఉంది. కాలేజీలనూ అకాడమీలనూ చూసే రీజెంట్ల బోర్డుకు 1814 నుంచీ ఆయనే కార్యదర్శి. ఆ కార్యదర్శిని ఎంచుకునేది బోర్డే, నియామక మండలి కాదు. స్కిన్నర్ చెయ్యి అక్కడిదాకా చాచే దారి లేదు. మండలి రద్దయింది, క్లింటన్ పోయాడు, వాన్ బ్యూరన్ అధ్యక్షుడై దిగిపోయాడు. హాలీ 1841 దాకా అదే బల్ల దగ్గర కూర్చుని రిజిస్టర్లు రాసుకున్నాడు. తర్వాత ఆ బోర్డులోనే సభ్యుడయ్యాడు.